బుద్ధ్ సర్క్యూట్‌లో పాత మజిల్ కారు: వెనక యాక్సిల్‌ను ఎలా సిద్ధం చేయాలి

1960ల అమెరికాలో మజిల్ కారు సత్తా తేల్చిన దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. పెద్ద వీ8 ఇంజిన్, వెనక చక్రాలకు శక్తి, రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు. పచ్చదీపం వెలిగిన క్షణంలో పడే దెబ్బను ఆ ఇరుసు పదిహేను సెకన్లపాటు తట్టుకుంటే దాని పని అయిపోయినట్టే. తర్వాత చల్లారడానికి కావలసినంత సమయం ఉంటుంది.

గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్ లెక్క వేరు. 2011 అక్టోబరులో తొలి ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగిన ఈ ట్రాక్ పొడవు 5.125 కిలోమీటర్లు, మలుపులు 16. వెనకవైపు స్ట్రెయిట్ ఒక్కటే కిలోమీటరు దాటుతుంది. పాత కారు ఒక లాప్‌ను రెండున్నర నిమిషాల్లో పూర్తిచేస్తుందనుకుంటే గంటకు 24 లాప్‌లు, 123 కిలోమీటర్లు, 384 మలుపులు. ఎండ్యూరెన్స్ పోటీ అన్నా, రోజంతా సాగే ట్రాక్ డే అన్నా ఇదే పని గంటల తరబడి జరుగుతుంది. పావు మైలు కోసం పుట్టిన ఇరుసును ఇక్కడికి తెస్తే మొదట పరీక్షకు నిలిచేది దాని బలం కాదు, వేడిని వదిలించుకోగల శక్తి. మన దగ్గర పాత కార్ల యజమానులు చాలామంది డబ్బు పెట్టే వరుస సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు లావుపాటి షాఫ్టులు కొంటారు, నూనె ఉష్ణోగ్రత చూపించే మీటరు గురించి చివర్లో ఆలోచిస్తారు.

ఈ విషయం ఇప్పుడు ప్రస్తావనకు రావడానికి ఒక కారణం ఉంది. పాత కార్ల దిగుమతికి చాలాకాలం 1950కి ముందు తయారైనవే అర్హం. 2025లో ఆ గీతను 50 ఏళ్లు దాటిన కార్ల వరకు జరిపారు. 1964 నుంచి 1970ల తొలినాళ్ల దాకా వచ్చిన మస్టాంగ్‌లు, కమారోలు, ఛార్జర్లు ఆ గీత లోపలికి వచ్చేశాయి.

రెండు గీజర్ల వేడి

ఇంజిన్ నుంచి వచ్చే తిరుగుడును తొంభై డిగ్రీలు మళ్లించి చక్రాలకు ఇచ్చేది క్రౌన్ వీల్, పినియన్ జత. ఈ కార్లలో ఉండేది హైపాయిడ్ రకం. అంటే పినియన్ క్రౌన్ వీల్ నడిమధ్యకు కాక కొంత కిందకు కూర్చుంటుంది. దీనివల్ల పళ్లు ఎక్కువ ఒరుసుకుని, బలంగా, చప్పుడు లేకుండా తిరుగుతాయి. కానీ పళ్లు ఒకదానిపై ఒకటి దొర్లడంతోపాటు జారుతాయి కూడా. ఆ జారుడే వేడి.

చిన్న లెక్క చూద్దాం. 300 హార్స్‌పవర్ కారు ఒక లాప్‌లో సగటున సగం శక్తి వాడుతుందనుకుంటే అది సుమారు 110 కిలోవాట్లు. గేర్ల జత, బేరింగులు కలిసి అందులో మూడు, నాలుగు శాతం మింగుతాయి. అంటే దాదాపు నాలుగు కిలోవాట్లు. స్నానాల గదిలో పెట్టుకునే రెండు పెద్ద గీజర్లను యాక్సిల్ హౌసింగులో పెట్టి ఆన్ చేసినట్టు. లోపలున్న నూనె రెండు, రెండున్నర లీటర్లే. ఇనుప హౌసింగును కూడా కలుపుకుని చూసినా, గాలి తీసుకుపోయేది లేకపోతే ఒక్కో డిగ్రీ పెరగడానికి పది సెకన్లు చాలు. గాలి కొంత తీసుకుపోతుంది నిజమే. కానీ మే నెలలో ఢిల్లీ గాలి 45 డిగ్రీలు ఉన్నప్పుడు, పక్కనే ఎగ్జాస్ట్ గొట్టం పోతున్నప్పుడు ఆ సాయం ఎంతో ఉండదు.

నూనె 120 డిగ్రీలు దాటి అక్కడే నిలిచిపోతే మామూలు ఖనిజ నూనె పలచబడుతుంది, పళ్ల మధ్య పొర తెగుతుంది. రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. మంచి సింథటిక్ నూనె ఇంకొంత పైదాకా ఓర్చుకుంటుంది, కానీ సీళ్లు ఓర్చుకోవు. సీలు పోతే నూనె బయటికొచ్చేది బ్రేకుల మీదకే. అందుకే ఎండ్యూరెన్స్‌లో యాక్సిల్ సమస్య చాలాసార్లు ముందుగా బ్రేకు సమస్యలా కనిపిస్తుంది.

కాబట్టి మొదటి ఖర్చు ఉష్ణోగ్రత సెన్సర్, డ్యాష్‌బోర్డు మీద దానికో మీటరు. రెండోది 75డబ్ల్యూ-140 లాంటి చిక్కటి సింథటిక్ జీఎల్-5 నూనె. మీటరు 120 దాటుతుందని చూపిస్తే అప్పుడు కూలర్. హౌసింగు అడుగు నుంచి ఎలక్ట్రిక్ పంపు నూనెను లాగి, జాలీ వడపోత గుండా గాలి తగిలే చోట ఉన్న చిన్న రేడియేటర్‌కు పంపుతుంది. చల్లబడిన నూనె గేర్లు కలిసేచోట, పినియన్ బేరింగు మీద పడేలా తిరిగొస్తుంది. ఇక్కడ ఉత్తరాదికి ప్రత్యేకమైన చిక్కొకటుంది. జనవరి ఉదయం గ్రేటర్ నోయిడాలో ఐదారు డిగ్రీల చలిలో గేర్ నూనె పాకంలా ఉంటుంది. పంపు దాన్ని లాగలేక మోటారు కాలిపోవచ్చు. నూనె వెచ్చబడ్డాకే పంపు నడిచేలా థర్మోస్టాట్ స్విచ్ పెట్టుకోవడం తప్పనిసరి. వేసవి కోసం పెట్టుకున్న కూలర్‌ను చలికాలం చెడగొట్టకుండా చూసుకోవడమన్నమాట.

బ్రీదర్ సంగతి చిన్నదే కానీ మరిచిపోతే పెద్దదవుతుంది. వేడెక్కిన హౌసింగులో గాలి వ్యాకోచించి బయటికి పోయే సన్నదారి అది. దుమ్ముతో మూసుకుపోతే ఒత్తిడి సీళ్లను బయటికి తోస్తుంది. బుద్ధ్‌లో 10, 11 మలుపుల దగ్గర ఉన్నలాంటి పొడవాటి వంపులో నూనె మొత్తం వంపుకు వ్యతిరేక దిశలోని గొట్టంలోకి పరుగుతీస్తుంది. కొన్ని సెకన్లపాటు క్రౌన్ వీల్‌కు తడి తగ్గుతుంది, అటువైపు సీలు మీద నూనె బరువంతా పడుతుంది. యాక్సిల్ గొట్టాల లోపల అడ్డుబిళ్లలు పెట్టడం, బ్రీదర్‌ను పైకి తీసుకెళ్లి చిన్న డబ్బాకు కలపడం ఇందుకే.

ఏ హౌసింగు?

మజిల్ కార్ల లోకంలో దీనికి ఒకే జవాబు వినిపిస్తుంది: ఫోర్డ్ 9 అంగుళాలది. క్రౌన్ వీల్ వ్యాసాన్ని బట్టి వచ్చిన పేరిది. 1957 నుంచి 1986 దాకా ఫోర్డ్ తయారుచేసింది. దీని గొప్పతనం రెండు విషయాల్లో ఉంది. పినియన్‌కు ముందువైపు రెండు బేరింగులతోపాటు వెనక కొసన మూడో బేరింగు ఆసరా ఉంటుంది. మధ్య భాగం మొత్తం ముందువైపు బోల్టులు విప్పితే ఊడి చేతికొస్తుంది. వేరే గేర్ నిష్పత్తితో ఇంకో మధ్య భాగాన్ని సిద్ధంగా పెట్టుకుంటే ట్రాక్ దగ్గరే మార్చేయవచ్చు. 1965 షెల్బీ జీటీ350లో వాడింది ఇదే. ఆ ఏడాది మామూలు వీ8 మస్టాంగ్‌లకు ఫోర్డ్ 8 అంగుళాలది పెడితే, కరోల్ షెల్బీ బృందం తమ కారుకు 9 అంగుళాలది, అందులో డెట్రాయిట్ లాకర్, పైనుంచి ట్రాక్షన్ బార్లు బిగించింది.

అయితే ఈ యాక్సిల్‌లో పినియన్ మిగతావాటికన్నా బాగా కిందకు ఉంటుంది. దాని బలం అక్కడి నుంచే వచ్చింది, దాని జారుడు కూడా. జనరల్ మోటార్స్ 12-బోల్టు యాక్సిల్‌తో పోలిస్తే ఇది ఎక్కువ శక్తిని వేడిగా మారుస్తుంది. అన్నిటికన్నా గట్టిదే అన్నిటికన్నా వేడెక్కేది కూడా. డ్రాగ్ రేసులో ఆ తేడా ఎవరికీ పట్టదు. రెండు గంటలు తిరిగే కారుకు మాత్రం కూలర్ లేకుండా 9 అంగుళాల యాక్సిల్ పెట్టడం సగం పనే. 300 హార్స్‌పవర్ లోపు కారుకు, సరిగా అమర్చిన అసలు యాక్సిలే చాలాసార్లు సరిపోతుంది.

లారీ నేర్పే పాఠం

జీటీ రోడ్డు పక్కనో, విజయవాడ ఆటోనగర్‌లోనో లారీ వెనక చక్రం నడిమధ్య బోల్టులు విప్పి పొడవాటి షాఫ్టును బయటికి లాగడం చాలామంది చూసే ఉంటారు. షాఫ్టు వచ్చేసినా చక్రం ఊడదు, బండి చక్రాల మీదే నిలబడుతుంది. ఫుల్ ఫ్లోటింగ్ అంటే అదే. బండి బరువును హబ్, దాని రెండు బేరింగులు మోస్తాయి. షాఫ్టు పని తిప్పడం వరకే.

మజిల్ కార్లలో ఉండేది సెమీ ఫ్లోటింగ్. ఇందులో షాఫ్టే తిప్పుతుంది, షాఫ్టే బరువు మోస్తుంది, మలుపులో పక్కకు వంచే బలాన్నీ అదే భరిస్తుంది. గంటకు 384 మలుపుల్లో ప్రతిసారీ అది కాస్త వంగి తిరిగి నిటారవుతుంది. లోహం అలసిపోయేది ఇలాగే. వంగిన షాఫ్టుతోపాటు బ్రేకు డిస్కు కూడా వాలి, ప్యాడ్లను వెనక్కి నెడుతుంది. తర్వాతి మలుపు ముందు డ్రైవరు బ్రేకు తొక్కితే పెడల్ సగందాకా ఊరికే దిగిపోతుంది. బ్రేకులో గాలి చేరిందని మెకానిక్ రెండుసార్లు బ్లీడ్ చేసినా తగ్గని జబ్బు ఇది.

ప్రాణాల మీదకు తెచ్చేది ఇంకొకటి ఉంది. జనరల్ మోటార్స్ 10-బోల్టు, 12-బోల్టు యాక్సిల్స్‌లో చాలావాటికి షాఫ్టును పట్టి ఉంచేది లోపలి కొసన ఉండే సీ ఆకారపు చిన్న క్లిప్పు. షాఫ్టు మధ్యలో విరిగితే బయటి ముక్కను పట్టుకునేది ఏదీ లేదు. చక్రంతో సహా అది బయటికి జారుతుంది. ఫోర్డ్ 9 అంగుళాల దానిలో షాఫ్టును బయటి కొసన పళ్లెం, నాలుగు బోల్టులు పట్టి ఉంచుతాయి. సీ-క్లిప్పు యాక్సిల్‌తో ట్రాక్ ఎక్కాలనుకునే వారు మిగతా ఏ మార్పు చేసినా చేయకపోయినా, షాఫ్టును బయటి కొసన పట్టే కిట్ పెట్టించాల్సిందే. డబ్బు ఉంటే నేరుగా ఫుల్ ఫ్లోటింగ్ హబ్‌లకే వెళ్లడం మేలు. దాంతో అలసట, బ్రేకు పెడల్, చక్రం ఊడే భయం మూడూ ఒక్కసారే తీరుతాయి. ఈ ఒక్కచోట మాత్రం ఖరీదైన వస్తువు ఖరీదుకు తగ్గ పని చేస్తుంది.

డిఫరెన్షియల్, స్ప్రింగులు, నిష్పత్తి

మామూలు ఓపెన్ డిఫరెన్షియల్‌తో మలుపు బయటికొచ్చేటప్పుడు లోపలి చక్రం ఊరికే గిరగిరా తిరుగుతుంది. దానికి మందుగా క్లచ్ పళ్లేల రకం, లాకర్ రకం, గేర్ల రకం ఉన్నాయి. క్లచ్ పళ్లేలు వేడికి అరిగిపోతాయి. పొద్దున్న బాగా పట్టి, సాయంత్రానికి ఓపెన్ డిఫరెన్షియల్‌లా మారిపోతాయి. లాకర్ మొరటుది, నమ్మకమైనది. నెమ్మది మలుపుల్లో కారు ముక్కును తిరగనివ్వదు, పట్టు మారినప్పుడల్లా ఠక్కుమంటుంది. గేర్ల రకంలో అరిగే పళ్లేలు ఉండవు, మార్పు నునుపుగా ఉంటుంది. ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే మాత్రం పనిచేయదు. రోజంతా ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు మారి నడిపే కారుకు గేర్ల రకమే సరైనది. లాకర్‌కు అలవాటుపడని డ్రైవరు మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలేస్తే కారు చేసే విన్యాసం చూడముచ్చటగా ఉండదు.

వెనక ఇరుసును మోసేవి చాలా మజిల్ కార్లలో కమాన్ పట్టీలే. బరువు మోయడం, ఇరుసును పక్కకు జరగకుండా ఆపడం, మెలికపడకుండా పట్టడం మూడూ వాటి నెత్తినే. గట్టిగా బ్రేకు వేసినప్పుడు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పట్టీ ఎస్ ఆకారంలో మెలిపడి, ఇరుసు కప్పలా గెంతుతుంది. ఆ గెంతులే పినియన్ పళ్లను చితగ్గొడతాయి. ట్రాక్షన్ బార్లు దీన్ని ఆపుతాయి, కానీ బార్లు పట్టీలతో పోట్లాడేలా బిగిస్తే మలుపులో కారు వాలడానికి అడ్డుపడతాయి. పక్కకు కదలకుండా ఆపడానికి పాన్‌హార్డ్ కడ్డీ సులువైనది, వాట్స్ లింక్ మెరుగైనది. ఈ రెండోది ఆవిరియంత్రం కోసం జేమ్స్ వాట్ 1784లో కనిపెట్టిన అమరికే.

గేర్ నిష్పత్తికి ఒక ఉదాహరణ చాలు. టైరు చుట్టుకొలత రెండు మీటర్లు, టాప్ గేర్ 1:1 అనుకుంటే గంటకు 180 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. 3.50 నిష్పత్తితో ఇంజిన్ 5250 చుట్లు తిరుగుతుంది, 4.11తో 6165. డ్రాగ్ రేసర్లకు ఇష్టమైన 4.11తో బుద్ధ్ వెనక స్ట్రెయిట్ చివర ప్రతి లాప్‌లోనూ పాత వీ8ను ఎర్రగీత దగ్గర అరిపించినట్టే. 3.25 నుంచి 3.50 మధ్య ఉంటే ఇంజినూ బతుకుతుంది, పినియన్ నెమ్మదిగా తిరగడం వల్ల వేడీ తగ్గుతుంది.

ఇవన్నీ కొన్నాక అసలు పని అమర్పు. కశ్మీరీ గేట్ విడిభాగాల బజారు చుట్టుపక్కల క్రౌన్-పినియన్ చేతితో తిప్పి చూసి కట్టే పాతకాలపు మెకానిక్‌లు ఇప్పటికీ దొరుకుతారు. లారీకి ఆ లెక్క చాలు, దీనికి చాలదు. పళ్ల మధ్య వదులు డయల్ గేజితో కొలవాలి. మిల్లీమీటరులో అయిదో వంతుకు అటూ ఇటూగా ఉండే ఆ అంకెను గేర్లు తయారుచేసినవారు చెప్పినట్టే పెట్టాలి. పళ్లకు రంగు పూసి తిప్పి, ఒరిపిడి గుర్తు పంటి మధ్యలో పడుతోందో లేదో చూడాలి. పినియన్ బేరింగుల మధ్య నలిగే స్లీవ్ బదులు గట్టి స్పేసర్ పెడితే బిగింపు వేడికి సడలదు. కొత్త గేర్లను పదిహేను ఇరవై నిమిషాలు మెల్లగా నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, ఇలా రెండు మూడుసార్లు చేయాలి. ఎనిమిది వందల కిలోమీటర్లకు నూనె మార్చాలి. నేరుగా ట్రాక్ ఎక్కిస్తే కొత్త గేర్లు మొదటి రోజే నీలం రంగుకు తిరుగుతాయి.

కాగితం సంగతి

ఎన్‌సీఆర్‌లో ఇనుముతో సమానంగా కాగితమూ నిర్ణయాలు చేస్తుంది. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20 వేల రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. అయితే కారు అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతు వంటి పనులకు తప్ప రోడ్డెక్కకూడదు. దీనికితోడు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారేలా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

దీని సారం యజమానికి ఇలా అర్థమవుతుంది. హౌసింగు లోపల ఏం మార్చుకున్నా కారు రూపానికి భంగం లేదు. షాఫ్టులు, బేరింగులు, డిఫరెన్షియల్, సెన్సర్ అన్నీ లోపలివే. అసలు కమాన్ పట్టీల స్థానాల్లోనే బోల్టులతో కూర్చునే హౌసింగు, అసలుది భద్రంగా అటక మీద ఉంటే, ఎప్పుడైనా వెనక్కి మార్చుకోవచ్చు. కాయిల్ స్ప్రింగుల కోసం ఛాసిస్‌ను కోసి వెల్డింగ్ చేస్తే మాత్రం కారు వింటేజ్ హోదానే పణంగా పెట్టినట్టు. విదేశాల్లో మామూలుగా చేసే ఈ మార్పు ఇక్కడ కారు విలువనే తగ్గిస్తుంది.

మన దేశపు మజిల్ కారు అని అభిమానులు పిలుచుకునే హిందుస్థాన్ కాంటెస్సాది ఇంకో ఇరకాటం. బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ విక్టర్ ఆధారంగా 1984 నుంచి 2002 దాకా బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన ఈ కారుకు వెనక చక్రాల శక్తి, గట్టి ఇరుసు రెండూ ఉన్నాయి. ఢిల్లీ-ఎన్‌సీఆర్‌లో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు తిరగరాదన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తర్వాత అమలులో ఎగుడుదిగుళ్లు ఉన్నా, ఆ వయసు గీత దాటని కాంటెస్సా ఒక్కటీ లేదు. మొట్టమొదటి కాంటెస్సాకు 50 ఏళ్లు నిండేది 2034లో. అంటే రోడ్డుకు ముసలిది, వింటేజ్‌కు కుర్రది. బుద్ధ్ సర్క్యూట్ కూడా ఎన్‌సీఆర్‌లోనే ఉంది కాబట్టి అక్కడిదాకా ట్రైలర్ మీదే రావాలి. ఒకసారి ట్రైలర్ ఎక్కాక వింటేజ్ నిబంధనలు దానికి అడ్డురావు. ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్ ఇచ్చే 88 హార్స్‌పవర్‌కు అసలు యాక్సిల్ చాలు. కొత్త బేరింగులు, సీళ్లు, మంచి నూనె, బ్రీదర్ గొట్టం చాలా దూరం తీసుకెళ్తాయి. ఇంజిన్ మార్చి శక్తిని రెట్టింపు చేసినవారు మాత్రం పై లెక్కలన్నీ తమకూ వర్తింపజేసుకోవాలి.

ట్రాక్ దగ్గర చూడాల్సినవి ఎక్కువ లేవు. ప్రతి సెషన్ తర్వాత చక్రాల లోపలివైపు తడి ఉందేమో, బ్రీదర్ డబ్బాలో నూనె చేరిందేమో, జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే వదులుందేమో చూడాలి. డ్రెయిన్ ప్లగ్గుకు అయస్కాంతం ఉన్నది వాడితే, నూనె మార్చినప్పుడల్లా అది లోపలి కబురు చెబుతుంది. బూడిదరంగు మెత్తటి పేస్టు మామూలు అరుగుదల. గోటికి తగిలే పలుకులు కనిపిస్తే అవి పంటివో బేరింగువో తేల్చేదాకా ఆ కారు పిట్ దాటకూడదు.